ఓఆర్‌ఎస్‌లో ఉప్పు, చక్కెర పాళ్లు ఎందుకంత ముఖ్యం: పేగు కణంలోకి నీరు చేరే దారి

క్లుప్తంగా: పేగు గోడలోని కణాలకు నీటిని నేరుగా తోడుకునే యంత్రమేదీ లేదు. అవి ముందు సోడియాన్ని లోపలికి తీసుకుంటాయి, నీరు దాని వెంట వస్తుంది. విరేచనాల సమయంలో సోడియం లోపలికి వెళ్లే దారులు కొన్ని మూతపడినా, గ్లూకోజ్‌తో జతకట్టి వెళ్లే దారి మాత్రం తెరిచే ఉంటుంది. ఓఆర్‌ఎస్, అంటే విరేచనాలప్పుడు నీటిలో కలిపి తాగించే ఉప్పు, చక్కెరల పొడి, ఆ దారికి సరిపడే పాళ్లలో తయారైన మందు. చక్కెర మితిమీరితే అదే పేగు నీటిని శరీరం నుంచి బయటకు లాగుతుంది.

2025 అక్టోబరు 14న భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఒక ఉత్తర్వు జారీ చేసింది. పండ్ల రసాలు, సీసాల్లోనూ డబ్బాల్లోనూ అమ్మే తియ్యటి పానీయాలు తమ పేర్లలో ‘ఓఆర్‌ఎస్’ అనే మాటను, ముందు గానీ వెనుక గానీ మరో పదం చేర్చి అయినా సరే, వాడరాదన్నది దాని సారాంశం. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓఆర్‌ఎస్ కాదని డబ్బా మీద ముద్రించే షరతుతో 2022లోనూ 2024లోనూ ఇచ్చిన వెసులుబాటు దీంతో రద్దయింది. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి సాగించిన పోరాటం ఈ నిర్ణయం వెనుక ఉంది.

ఉత్తర్వు వచ్చాక చాలామందికి కలిగిన సందేహం సహజమైనదే. పొట్లంలో ఉన్నదీ ఉప్పు, చక్కెరే. డబ్బాలో ఉన్నదీ ఉప్పు, చక్కెర, నీరే. అలాంటప్పుడు ఒకటి ప్రాణం నిలిపే మందు, మరొకటి విరేచనాలను పెంచే ప్రమాదం ఉన్న పానీయం ఎలా అవుతాయి? జవాబు చిన్నపేగు లోపలి గోడను కప్పి ఉన్న ఒకే ఒక్క వరుస కణాల్లో, ఆ కణాలు దేన్ని ఏ దారిన లోపలికి రానిస్తాయన్న విషయంలో ఉంది.

కొవ్వుతో కట్టిన సరిహద్దు

ప్రతి జీవకణం చుట్టూ ఒక పొర ఉంటుంది. దాని మందం 7 నుంచి 8 నానోమీటర్లు. మామూలు కాగితం మందంలో ఇలాంటి పొరలను 12 వేల వరకు పేర్చవచ్చు. ఆ పొరలో ప్రధానంగా ఉండేవి రెండు వరుసలుగా పేర్చుకున్న కొవ్వు అణువులు. వాటి తలలు నీటివైపు, తోకలు లోపలివైపు తిరిగి ఉంటాయి కాబట్టి మధ్య భాగం నూనెలా ఉంటుంది. నూనెలో ఉప్పు కరగదు. ఈ ఒక్క సంగతి నుంచే కణాల రాకపోకల కథంతా మొదలవుతుంది.

ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ లాంటి చిన్న, విద్యుదావేశం లేని అణువులు ఆ నూనె పొరలోంచి తమంతట తామే జారిపోతాయి. ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి చేరే ఈ కదలికనే విసరణ అంటారు; దీనికి కణం ఏ శక్తినీ ఖర్చు పెట్టదు. సోడియం, పొటాషియం, క్లోరైడ్ అయాన్లు మాత్రం ఎంత చిన్నవైనా ఆవేశం కలవి కావడం వల్ల పొర దగ్గరే ఆగిపోతాయి. గ్లూకోజ్ ఆవేశం లేనిదే అయినా పరిమాణంలో పెద్దది, నీటితో బాగా కలిసేది. కాబట్టి అదీ ఆగిపోతుంది. ఇలాంటివాటి కోసం పొరలో అక్కడక్కడా ప్రోటీన్లతో ఏర్పడిన ద్వారాలు ఉంటాయి. కొన్ని కేవలం సొరంగాలు, కొన్ని సరుకును ఒకవైపు అందుకుని మరోవైపు వదిలే పడవల వంటివి, ఇంకొన్ని శక్తి వెచ్చించి ఎదురు ప్రవాహంలో తోసే పంపులు.

నీటి సంగతి కొంత ప్రత్యేకం. అది కొవ్వు పొరలోంచి నెమ్మదిగా చొరబడగలదు గానీ, ఎర్ర రక్తకణాల్లోనూ మూత్రపిండాల్లోనూ కనిపించే వేగానికి ఆ చొరబాటు చాలదని శాస్త్రజ్ఞులకు చాలాకాలంగా తెలుసు. నీటికే ప్రత్యేకించిన సొరంగాలను 1992లో పీటర్ ఆగ్రె బృందం నిరూపించింది. ఆక్వాపోరిన్లుగా పేరుపడిన ఆ ప్రోటీన్లకు గాను ఆయనకు 2003లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. అయితే ఆక్వాపోరిన్ దారి మాత్రమే ఇస్తుంది. నీరు ఎటు వెళ్లాలో అది నిర్ణయించదు. ఆ నిర్ణయం ఇరువైపులా కరిగి ఉన్న పదార్థాలది.

మాగాయ ఊట చెప్పే సూత్రం

మాగాయ పెట్టే ఇళ్లలో మామిడి ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి జాడీలో ఉంచుతారు. చుక్క నీరు పోయకపోయినా మూడో రోజుకు జాడీలో ఊట నిలుస్తుంది, ముక్కలు మెత్తబడి ముడుచుకుంటాయి. ముక్క కణాల బయట ఉప్పు గాఢత బాగా పెరగడం వల్ల లోపలి నీరు పొర దాటి బయటకు వచ్చేసింది. ఎండుద్రాక్షను మంచినీటిలో నానబెట్టినప్పుడు జరిగేది దీనికి తిరగబడ్డ క్రియ. కరిగిన పదార్థం ఎక్కువగా ఉన్న వైపుకు నీరు ప్రయాణించడాన్నే ద్రవాభిసరణ అంటారు.

మనిషి రక్తంలో కరిగి ఉన్న రేణువుల మొత్తం గాఢత లీటరుకు సుమారు 290 మిల్లీ ఆస్మోల్‌లు (కరిగిన రేణువుల సంఖ్యను లెక్కించే కొలత ఇది). ఆసుపత్రిలో ఎక్కించే మామూలు సెలైన్‌ను 0.9 శాతం ఉప్పుతో తయారు చేయడానికి కారణం అదే. దాని గాఢత 308, అంటే రక్తానికి దగ్గరగా ఉంటుంది. శుద్ధమైన నీటిని నేరుగా రక్తనాళంలోకి పంపితే ఎర్ర రక్తకణాలు నీటిని పీల్చుకుని ఉబ్బి పగిలిపోతాయి. పేగులో కూడా ఇదే సూత్రం నడుస్తుంది. పేగు కుహరంలో ఉన్న ద్రవం రక్తం కంటే గాఢంగా ఉంటే నీరు శరీరం నుంచి పేగులోకి, పల్చగా ఉంటే పేగు నుంచి శరీరంలోకి కదులుతుంది. చిన్నపేగులో ఈ నీరు కణాల గుండానే కాకుండా, పక్కపక్క కణాల నడుమ ఉండే సన్నని సందుల గుండా కూడా పోతుంది. మాగాయ జాడీని గుర్తుంచుకుంటే డబ్బా పానీయాల లెక్క అర్థం చేసుకోవడం తేలిక.

సోడియాన్ని నిరంతరం బయటకు తోసే పంపు

కణం బయట ఉండే ద్రవంలో సోడియం లీటరుకు 140 మిల్లీమోల్‌ల పైచిలుకు ఉంటే, కణం లోపల 10 నుంచి 15 మాత్రమే ఉంటుంది. పొటాషియం విషయంలో ఇది తలకిందులు. ఈ తేడా దానంతటది నిలవదు. పొరలో ఉన్న సోడియం–పొటాషియం పంపు ప్రతి విడతలో మూడు సోడియం అయాన్లను బయటకు నెట్టి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కౌ పీత నరాల మీద పనిచేస్తూ 1957లో ఈ పంపు చేసే ఎంజైమ్‌ను గుర్తించాడు. నలభై ఏళ్ల తరువాత, 1997లో, ఆయనకు నోబెల్ వచ్చింది.

ఈ పంపుకు ఇంధనం ఏటీపీ. ఆ ఏటీపీని కండరాల్లో గుర్తించినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి సుబ్బారావు, వేర్వేరుగా ఈ అణువును వెలికితీశారు. మనిషి ఏ పనీ చేయకుండా పడుకుని ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో దాదాపు ఐదో వంతు ఈ ఒక్క పంపును నడపడానికే పోతుందంటే, శరీరం దానికి ఎంత విలువ ఇస్తుందో అర్థమవుతుంది.

పేగు కణంలో ఈ పంపులు అన్ని వైపులా ఉండవు. రక్తనాళాల వైపు ఉన్న అడుగు భాగంలో, పక్క గోడల్లో మాత్రమే ఉంటాయి. ఆహారం ప్రవహించే పైభాగంలో ఉండవు. దీనివల్ల సోడియం ప్రయాణానికి ఒక దిశ ఏర్పడుతుంది. పంపు వెనుక నుంచి సోడియాన్ని ఖాళీ చేస్తూ ఉంటే, పైనుంచి కొత్త సోడియం లోపలికి రావాలని ఒత్తిడి పెరుగుతూ ఉంటుంది. వంతెన దించితే చాలు, దూసుకువస్తుంది.

రెండూ ఉంటేనే తిరిగే ద్వారం

ఆ వంతెనల్లో ముఖ్యమైనది ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రోటీన్. రెండు సోడియం అయాన్లు, ఒక గ్లూకోజ్ అణువు దాని మీద కూర్చున్న తరువాతే అది కణం లోపలివైపుకు తెరుచుకుని సరుకును వదులుతుంది. సోడియం లేకుండా గ్లూకోజ్‌ను సమర్థంగా మోయలేదు. గ్లూకోజ్ లేకుండా సోడియాన్నీ చెప్పుకోదగినంతగా మోయదు. లోపలికి చొరబడాలన్న సోడియం ఒత్తిడిని గ్లూకోజ్ తనకు వాహనంగా వాడుకుంటుంది. అందువల్ల పేగులో గ్లూకోజ్ తక్కువగా, కణంలో ఎక్కువగా ఉన్నప్పుడు కూడా అది లోపలికి వెళ్లగలదు.

ఈ జంట ప్రయాణాన్ని అమెరికన్ జీవరసాయన శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ 1960 ఆగస్టులో ప్రాగ్ నగరంలో జరిగిన సమావేశంలో ప్రతిపాదించాడు. అప్పటివరకు గ్లూకోజ్‌కూ శక్తి నేరుగా ఖర్చయ్యే పంపు ఒకటి ఉంటుందనే ఆలోచన ప్రబలంగా ఉండేది. క్రేన్ చెప్పినది వేరు: శక్తి ఖర్చయ్యేది సోడియం పంపు దగ్గర, ఆ ఖర్చు ఫలితాన్ని అనుభవించేది పైద్వారం దగ్గర గ్లూకోజ్. 1987లో అర్నెస్ట్ రైట్ బృందం ఆ ద్వారపు ప్రోటీన్ జన్యువును వేరుచేసింది.

కణంలోకి వచ్చిన గ్లూకోజ్ అడుగున ఉన్న మరో ద్వారం గుండా రక్తంలోకి పోతుంది. సోడియాన్ని పంపు బయటకు నెట్టి కణాల నడుమ సందుల్లో పోగుచేస్తుంది. అక్కడ గాఢత పెరగడంతో పేగు కుహరంలోని నీరు అటువైపు వస్తుంది. నీరు నేరుగా ఎస్‌జీఎల్‌టీ1 గుండానే వస్తుందా అన్న చర్చ ఇంకొకటి ఉంది. ఆ ద్వారం ఒక్కసారి తిరిగితే 260 నీటి అణువుల వరకు దానితోపాటే వస్తాయని 1996లో రైట్ బృందమే ప్రకటించగా, అది స్థానికంగా జరిగే ద్రవాభిసరణ మాత్రమేనని మరికొందరు వాదించారు. దారి ఏదైనా, సోడియం, గ్లూకోజ్ లోపలికి వెళితే నీరు వెంట వెళుతుందన్నదానిలో ఇరుపక్షాలకూ భేదం లేదు.

ఈ ఏర్పాటు ఎంత భారీ పని చేస్తుందో ఒక లెక్క చెబుతుంది. ఆరోగ్యవంతుడైన పెద్ద మనిషి చిన్నపేగులోకి తాగిన నీరు, లాలాజలం, జీర్ణరసాలు కలిపి రోజుకు 8 నుంచి 9 లీటర్ల ద్రవం చేరుతుంది. మలంతో బయటకు పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లు. మిగిలినదంతా పేగులు వెనక్కి తీసుకుంటాయి.

కలరా మూసే దారులు, మూయలేని దారి

కలరా బాక్టీరియా పేగు గోడను కోయదు, కణాలను చంపదు. అది ఒక విషాన్ని విడుదల చేస్తుంది. ఆ సంగతిని కలకత్తాలో శంభునాథ్ డే కుందేలు పేగుల మీద చేసిన ప్రయోగాలతో 1959లో నిరూపించాడు. ఆ విషం కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు మోతాదును పెంచేస్తుంది. దాంతో క్లోరైడ్ బయటకు పోయే సొరంగాలు తెరిచినవి తెరిచినట్టే ఉండిపోతాయి. క్లోరైడ్ వెంట సోడియం, ఆ రెండింటి వెంట నీరు పేగులోకి ఊరుతాయి. అదే సమయంలో ఉప్పును మామూలుగా లోపలికి తీసుకునే ద్వారాలు మందగిస్తాయి. తీవ్రమైన కలరాలో గంటకు ఒక లీటరు దాకా ద్రవం పోవచ్చు. అలాంటి రోగికి వట్టి నీళ్లు తాగిస్తే నిలవవు. వట్టి ఉప్పు నీళ్లు తాగించినా అంతే.

అయితే ఎస్‌జీఎల్‌టీ1ను ఆ విషం ముట్టుకోదు. ఓఆర్‌ఎస్ పనిచేసేది ఈ ఒక్క ఆధారం మీదే. ఊరే ద్వారాలను అది మూయదు, విరేచనాన్ని వెంటనే ఆపదు. పోతున్న దానికి సమంగా వెనక్కి తీసుకునే దారిని నడిపిస్తుంది. తాగించినా విరేచనాలు ఆగలేదని ఓఆర్‌ఎస్‌ను మానేసే కుటుంబాలు ఈ తేడాను తెలుసుకోవడం చాలా అవసరం.

సిద్ధాంతం నుంచి చికిత్సకు దారి సాఫీగా సాగలేదు. కలకత్తాలోనే హేమేంద్రనాథ్ ఛటర్జీ 1953లో గ్లూకోజ్, ఉప్పు కలిపిన ద్రావణాన్ని కలరా రోగులకు తాగించి ఫలితాలను ప్రచురించినా, క్రేన్ వివరణ ఇంకా రాలేదు కనుక వైద్యలోకం పెద్దగా పట్టించుకోలేదు. 1962లో మనీలాలో రాబర్ట్ ఫిలిప్స్ చేసిన ప్రయత్నంలో ద్రావణం గాఢత మించడంతో కొందరు రోగులు మరణించారు. 1968లో ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ పోయిన ద్రవాన్ని కొలిచి అంతే పరిమాణంలో తాగించే పద్ధతితో విజయం సాధించారు. 1971లో బంగ్లాదేశ్ విమోచన యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులతో నిండిన పశ్చిమ బెంగాల్ సరిహద్దు పట్టణం బన్‌గావ్‌లో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు, దిలీప్ మహాలనబీస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంట సోడా చొప్పున పొట్లాలు కట్టించి రోగుల బంధువుల చేతికే ఇచ్చారు. అంతకుముందు 30 శాతం దాకా ఉన్న మరణాలు అక్కడ 3.6 శాతానికి తగ్గాయి. 2023లో ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు.

పాళ్లు మారితే ఏమవుతుంది

1970ల నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో సోడియం 90, గ్లూకోజ్ 111 మిల్లీమోల్‌లు, మొత్తం గాఢత 311 ఉండేది. రక్తం కంటే అది కొద్దిగా ఎక్కువ. గాఢత తగ్గించి చూసిన పరీక్షల్లో పిల్లలకు సెలైన్ ఎక్కించాల్సిన అవసరం మూడో వంతు మేర తగ్గింది, వాంతులూ తగ్గాయి. దాంతో 2002లో సూత్రం మారింది. ఇప్పుడు లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9 గ్రాములు. సోడియం 75, గ్లూకోజ్ 75, మొత్తం గాఢత 245. ద్వారం అడిగేది రెండుకు ఒకటి కదా, ద్రావణంలో ఒకటికి ఒకటి ఎందుకన్న ప్రశ్న వస్తుంది. విరేచనాలప్పుడు పేగులోకి ఊరే ద్రవంలోనే సోడియం ధారాళంగా ఉంటుంది కనుక, లోటు పడకుండా చూసుకోవాల్సింది ఎక్కువగా గ్లూకోజ్ గురించే.

ఇప్పుడు లీటరుకు 100 గ్రాముల పంచదార ఉన్న ఒక తియ్యటి పానీయాన్ని తీసుకుందాం. కరిగినప్పుడు దాని గాఢత పంచదార వల్లే 290 దాటుతుంది. పేగు గోడ మీద ఉన్న ఎంజైమ్ ఆ పంచదార అణువును గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొడుతుంది. ఒక అణువు రెండవుతుంది, గాఢత 580 దాటుతుంది. రక్తానికి ఇది రెట్టింపు. ఎస్‌జీఎల్‌టీ1 ద్వారాలకు ఒక వేగ పరిమితి ఉంది, అవి ఇంత గ్లూకోజ్‌ను ఒక్కసారిగా మోయలేవు. ఫ్రక్టోజ్ వెళ్లే ద్వారం వేరు, దానికి సోడియంతో పనే లేదు, కాబట్టి అది సోడియాన్ని లోపలికి తేదు. మిగిలిన చక్కెర పేగులోనే ఉండి, మామిడి ముక్క నుంచి ఉప్పు ఊటను లాగినట్టు, పిల్లవాడి శరీరం నుంచి నీటిని పేగులోకి లాగుతుంది. అప్పటికే నీరు కోల్పోయిన బిడ్డకు ఇది ఎంత చేటో వేరే చెప్పనక్కర్లేదు. చక్కెర బదులు కృత్రిమ తీపి కలిపిన పానీయాల లోపం మరో రకం: ఆ తీపి నాలుకకు తెలుస్తుంది గానీ, సోడియంతో జతకట్టి ఎస్‌జీఎల్‌టీ1ను తిప్పలేదు.

అసలైన పొట్లం కూడా తప్పుగా కలిపితే ప్రమాదమే. లీటరు నీటికి ఉద్దేశించిన 20.5 గ్రాముల పొట్లాన్ని 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపితే గాఢత 1,225కి, సోడియం 375కి చేరుతుంది. సముద్రపు నీటిలో ఉండే సోడియంలో ఇది దాదాపు 80 శాతం. 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న పొట్లాలు కూడా మార్కెట్‌లో ఉండటం వల్ల ఈ పొరపాటుకు ఆస్కారం ఎక్కువ.

గంజి, మజ్జిగ, కొబ్బరి నీళ్లు

ఉప్పు వేసిన గంజికి పెద్దలు ఇచ్చిన స్థానాన్ని కణశాస్త్రం బలపరుస్తుంది. గంజిలోని పిండిపదార్థం వందల వేల గ్లూకోజ్ అణువుల గొలుసు. గొలుసుగా ఉన్నంతసేపు అది ద్రవాభిసరణ లెక్కలో ఒకే రేణువు. పేగు గోడ దగ్గర కొంచెం కొంచెంగా విడిపోతూ గ్లూకోజ్‌ను నేరుగా ద్వారానికి అందిస్తుంది. అంటే గాఢత పెరగకుండానే సరుకు దొరుకుతుంది. బియ్యప్పిండితో చేసిన ఓఆర్‌ఎస్ కలరా రోగుల్లో విరేచనాల పరిమాణాన్ని మామూలు గ్లూకోజ్ ఓఆర్‌ఎస్ కంటే తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది. ఉప్పు లేని గంజికి మాత్రం ఈ గుణం పూర్తిగా రాదు.

కొబ్బరి నీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది గానీ సోడియం తక్కువ. తేలికపాటి విరేచనాల్లో తాగించవచ్చు, ఓఆర్‌ఎస్‌కు అది సాటి రాదు. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ కూడా పొట్లం దొరికేదాకా ఇవ్వదగినదే.

అదే కుటుంబపు మరో ద్వారం

ఎస్‌జీఎల్‌టీ1కు సోదరి అనదగిన ఎస్‌జీఎల్‌టీ2 మూత్రపిండాల్లో ఉంటుంది. రోజూ మూత్రపిండాలు వడగట్టే సుమారు 180 గ్రాముల గ్లూకోజ్‌లో దాదాపు 90 శాతాన్ని అదే వెనక్కి తెస్తుంది. మధుమేహానికి ఇప్పుడు విరివిగా రాస్తున్న గ్లిఫ్లోజిన్ మందులు ఈ ద్వారాన్ని అడ్డుకుంటాయి. గ్లూకోజ్ మూత్రంలో పోతుంది, దాని వెంట కొంత నీరూ పోతుంది. ఈ మందులు వాడేవారికి విరేచనాలు, వాంతులు పట్టుకుంటే నీటి నష్టం రెండు వైపుల నుంచీ జరుగుతుంది కాబట్టి, అలాంటి రోజుల్లో మందు తాత్కాలికంగా ఆపాలా అని వైద్యుణ్ణి వెంటనే అడగడం మంచిది.

ఉత్తర్వు తరువాత

పేరు తొలగినంత మాత్రాన పానీయం మారదు. అవే డబ్బాలు వేరే పేరుతో, అదే మందుల దుకాణంలో, అదే అరలో ఉండవచ్చు. కొనేవారు చూడవలసింది వెనుకవైపు చిన్న అక్షరాల పట్టిక. లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, సోడియం 75 మిల్లీమోల్‌లు, మొత్తం గాఢత 245 అని ఉంటే అది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం. కొన్ని పట్టికలు 100 మిల్లీలీటర్లకు లెక్క ఇస్తాయి, అప్పుడు 1.35 గ్రాములని ఉండాలి. చక్కెర 8, 10, 12 గ్రాములని కనిపిస్తే అది దాహానికి తాగే పానీయమే.

పొట్లం మీద రాసిన కొలత నీటిలో మొత్తం పొడిని ఒకేసారి కలపాలి. పాలలో, పండ్ల రసంలో కలపరాదు, అదనంగా పంచదార వేయరాదు, కలిపిన దాన్ని 24 గంటల తరువాత పారబోయాలి. వాంతి చేసుకునే బిడ్డకు గ్లాసు పెట్టి తాగించే కంటే చెంచాతో కొద్దికొద్దిగా, నిమిషానికో రెండు నిమిషాలకో ఒకసారి పడితే పేగు ద్వారాలు తమ వేగంతో తాము పనిచేసుకోగలవు. దాంతోపాటు 10 నుంచి 14 రోజులు జింక్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004 నుంచి చెబుతున్నాయి. బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, కళ్లు లోతుకు పోయినా, మూత్రం ఆగిపోయినా చెంచాల లెక్క చూసుకుంటూ ఇంట్లో ఆగకూడదు. అప్పుడు కావలసింది ఆసుపత్రి, సెలైన్.